క్లచ్ లేని బండిలో

నా ఎడమ కాలు ఇంకా లేని క్లచ్‌ని తొక్కుతూనే ఉంది. డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్ పక్క పార్కింగ్ లాట్‌లో తొమ్మిది రోజులు ఎండలో నిలబడ్డ మా మినీవాన్ తలుపు తీయగానే ఇంగువ, ఎండుమిర్చి, తడిసి ఆరిన అట్టపెట్టెల వాసన ఒక్కసారిగా ముఖాన కొట్టింది. ఆ వాసన తగలగానే వారం నుంచి నిద్రపోతున్న నా బుర్ర లేచి కూర్చుంది. మా ఆయన కేశవరావు స్టీరింగ్ ముందు కూర్చుని, అద్దం సర్దుకుని, సీటు వెనక్కి జరుపుకుని, "అమ్మయ్య, మన బండి, మన రోడ్డు" అన్నారు. పక్క సీటు నాది. ముప్పై ఏళ్ళుగా మిషిగన్‌లో హైవే ఆయనది, ఊళ్ళో వీధులు నావి. ఇల్లు, మా ఇండియన్ సరుకుల షాపు, బ్యాంకు, గుడి, అంతవరకే నా డ్రైవింగ్. ఈ వారం మాత్రం లెక్క తిరగబడింది. ఇక్కడి నుంచి ట్రాయ్‌లో మా ఇంటికి నలభై మూడు మైళ్ళు, ఆదివారం మధ్యాహ్నం కాబట్టి యాభై నిమిషాలు, దారిలో నారింజ రంగు పీపాలు పెట్టి రోడ్డు తవ్వుతుంటే, మిషిగన్‌లో సెప్టెంబరంటే తవ్వకుండా ఉండరు కాబట్టి, గంట. ఆ గంటలో నేనొక మాట చెప్పాలి. ఇంటికెళ్ళి గరాజ్ తలుపు లేచేలోపు చెప్తానని బుధవారం నాడు ఒప్పుకున్నాను. గ్రీసులో, నాక్సోస్ దీవి ఉత్తరపు కొసన ఒక కొండ మీద నిలబడి ఆయన అడిగింది ఒక్కటే. "ఛాయా, షాపు అమ్మేద్దామా? అమ్మేసి ఇట్లా తిరుగుదామా?" బుధ, గురు, శుక్ర, శని గడిచాయి, మళ్ళీ అడగలేదు. అడగకపోవడమే ఆయన పద్ధతి. పదిసార్లు అడిగే మనిషికి జవాబు చెప్పడం తేలిక, ఒక్కసారి అడిగి ఊరుకునే మనిషికి చెప్పడమే కష్టం.

సరుకు చూసిన చోట ధర చెప్పకూడదు, ఇది మా నాన్న మాట. గుంటూరు మిర్చి యార్డులో ఆయన కమీషన్ వ్యాపారి. రైతు బస్తా కోసి మచ్చు చూపిస్తాడు, కాయ ఎర్రగా నిగనిగలాడుతుంది, ఘాటు ముక్కుకెక్కి కళ్ళ నీళ్ళొస్తాయి. ఆ నీళ్ళ కళ్ళతో ధర చెప్పావా, మునిగావన్నమాటే. పక్కకెళ్ళి నాలుగు తుమ్ములు తుమ్మి, టీ తాగి, అప్పుడు రా, అనేవాడు. ఆ కొండ మీద నాకూ కళ్ళ నీళ్ళొచ్చాయి, గాలికే అనుకుందాం. కింద సముద్రం, ఎక్కడో మేకల మెడ గంటలు, ఎండిన గడ్డిలోంచి వాము లాంటి ఏదో ఆకు వాసన, అంత మచ్చు ముందు పెట్టుకుంటే ఎవరైనా అమ్మేద్దామంటారు. అందుకే ఇంటికెళ్ళేలోపు అన్నాను. ఇప్పుడు నా కళ్ళ ముందున్నది 275 హైవే, పద్దెనిమిది చక్రాల లారీలు, కారు గుద్దితే మాకు ఫోన్ చెయ్యండంటూ పళ్ళికిలించే లాయరు బోర్డు. ఇక్కడ తేలిన ధరే అసలు ధర.

యార్డులో బేరం నోటితో జరగదు, తువ్వాలు కింద జరుగుతుంది. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు, లోపల ఎన్ని వేళ్ళు నొక్కితే అంత. చుట్టూ పదిమంది ఉన్నా ఎంతకి తెగిందో ఎవరికీ తెలియదు, ఎవరి పరువూ పోదు. పైన ముఖాలు మాత్రం ఏమీ జరగనట్టు వానల గురించి మాట్లాడుకుంటుంటాయి. ఆడపిల్లకి ఈ విద్య దేనికని అమ్మ అంటే, "దానికీ వేళ్ళున్నాయి కదా" అనేవాడు నాన్న. పెళ్ళయి ఇక్కడికొచ్చి షాపు పెట్టాక మా ఆయనకి నేర్పాను. డెట్రాయిట్ హోల్‌సేల్ మార్కెట్‌లో బెండకాయల పెట్టెల ముందు నిలబడి నా చున్నీ ఆయన చేతి మీద వేసి, ఎన్ని పెట్టెలు తీసుకుందామో లోపల అడిగేదాన్ని. వేళ్ళు సరిగ్గానే నొక్కుతారు. ముఖమే గాజుసీసా, లోపల ఏముందో అందరికీ కనిపిస్తుంది. నాలుగు వేళ్ళంటే కనుబొమలు నాలుగుసార్లు లేస్తాయి. బెండకాయల ఆసామి ఆయన నుదుటి వైపు చూసి "ఫోర్ బాక్సెస్?" అని నవ్వేవాడు. అయినా నేను చున్నీ వెయ్యడం మానలేదు. మొగుడూ పెళ్ళాలు పదిమందిలో చెయ్యి పట్టుకోవడానికి మా కాలంలో ఇంకో దారి లేదు మరి.

ఎడమ కాలు మళ్ళీ తొక్కింది. ముందు లారీ బ్రేకు వేసింది కదా, అందుకు. మా ఆయన చూసి నవ్వారు. నవ్వనీ. గ్రీసులో ఆ అద్దె కారు బేరం నాదే, ఆ పాపమూ నాదే. ఆన్‌లైన్‌లో అద్దె కార్లవాడు రెండు కార్లు చూపించాడు, ఒకే సైజు, ఒకే తెలుపు, రెండోదాని అద్దె మొదటిదానిలో సగానికి కాస్త ఎక్కువ. తేడా అల్లా గేర్లు మనమే మార్చుకోవాలి. వేరే రాష్ట్రంలో, బాతెల్ అనే ఊళ్ళో ఉండే మా అమ్మాయి రిషిత ఫోన్‌లో మొత్తుకుంది. "అమ్మా, అది స్టిక్ షిఫ్ట్. డాడీకి రాదు. ఆటోమేటిక్ బుక్ చెయ్."

"డాడీకి రాకపోవడమేంటే? అన్నేళ్ళు ఆయన చేసింది గేర్లే కదా!"

"అమ్మా! డాడీ చేసింది ఆటోమేటిక్!"

నిజమే, మా ఆయన కార్ల కంపెనీలో ట్రాన్స్‌మిషన్ ఇంజనీరుగా చేశారు. మనిషి చెయ్యి పెట్టకుండా బండే గేరు మార్చుకునే ఏర్పాటు ఆయన కళ్ళ ముందు నాలుగు గేర్ల నుంచి ఆరు గేర్లదాకా పెరిగింది. గేర్ల గురించి అంత తెలిసిన మనిషికి గేరు మార్చడం రాదని నాకెలా తోస్తుంది? ఆయనైనా నోరు విప్పాలా వద్దా? బుకింగ్ కాగితం చూసి, కళ్ళజోడు సర్దుకుని, "ఫైవ్ స్పీడ్ మాన్యువల్. గుడ్ ఎఫిషియెన్సీ" అని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆంధ్రాలో ఉన్నన్నాళ్ళూ సైకిల్ తొక్కారు, అమెరికాలో దిగి ఆటోమేటిక్ కారెక్కారు, మధ్యలో క్లచ్ అనే మెట్టు తగలకుండానే మేడ మీదికెళ్ళిపోయారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. చెప్పుకోవడం నామోషీ. నాక్సోస్ రేవులో కారు అప్పగించిన ముసలాయన చెవి వెనక సిగరెట్ పెట్టుకుని, తాళం ఇచ్చి, గోడకానుకుని చూస్తున్నాడు. మొదటిసారి కారు కప్పలా ఒక గెంతు గెంతి ఆగింది. రెండోసారి ఆగినప్పుడు ఇంజనీరుగారు "క్లచ్ ఎంగేజ్‌మెంట్ పాయింట్ చాలా హైలో ఉంది" అని నాకు వివరించారు. మూడోసారికి గోడ మీది పిల్లి లేచి దూరంగా వెళ్ళి కూర్చుంది. నాలుగోసారి ముసలాయన ఆయన్ని వదిలేసి నా వైపు చూశాడు.

"దిగండి" అన్నాను.

ఆయన దిగారు, ముఖం గాజుసీసా కదా, చెవుల దాకా ఎరుపెక్కింది. నేను అటు వెళ్ళి కూర్చున్నాను. ఆఖరిసారి క్లచ్ తొక్కి ముప్పై రెండేళ్ళు. నా పంతొమ్మిదో ఏట నాన్న మాటడోర్ వ్యాన్ డ్రైవరు కోటయ్య యార్డు వెనక సందులో నేర్పాడు, డిగ్రీ చదివే పిల్ల మిరపబస్తాల వ్యాన్ నడపడమేమిటని సందు సందంతా చూస్తుండగా. "అమ్మాయిగారూ, క్లచ్ వదలడమంటే ఏందనుకున్నారు, నిద్రపోయే పసిబిడ్డ తల కింద నుంచి చెయ్యి తీసుకోవడం. బిడ్డ లేవకూడదు." కోటయ్య ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో, ఆ రేవులో నా చెవి పక్కనే ఉన్నాడు. తొక్కాను, వేశాను, చెయ్యి తీసుకున్నట్టు తీసుకున్నాను. బిడ్డ లేవలేదు. కారు కదిలింది. ముసలాయన సిగరెట్ వెలిగించుకున్నాడు. వేళ్ళకి, కాళ్ళకి నేర్పింది పాడవదు, మిర్చిలా దానికి తరుగు లేదు. నోటికి నేర్పిందే పోతుంది, మా రిషిత తెలుగు చూడండి. పక్క సీట్లో మా ఆయన మ్యాపు ఒళ్ళో పరుచుకుని, "రైటో, లెఫ్టో చెప్పే ఉద్యోగం నాకిస్తావా?" అన్నారు. అప్పుడు నవ్వొచ్చి మళ్ళీ బండి ఆపేశాను.

696 మీదికి తిరిగాం. పీపాలు ఇక్కడ మొదలు, మూడు లైన్లు రెండయ్యాయి, రెండు ఒకటి కాబోతోంది. ఆయన ఒక్క మాట లేకుండా నడుపుతున్నారు. ముప్పై ఏళ్ళుగా ఇలాగే. స్టీరింగ్ పట్టుకుంటే ఆ మనిషి గుళ్ళో పూజారి, మాట్లాడడు. నేనేమో పక్క సీట్లో చింతపండు దగ్గర్నుంచి రిషిత సంబంధాల దాకా మాట్లాడుతూనే ఉంటాను. మా ఆయన మితభాషి అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు, ఆయనకి చోటు లేదు. ఆ దీవిలో పక్క సీట్లో కూర్చోగానే మొదలుపెట్టారు. ముందు బోర్డులు చదవడం. గ్రీకు అక్షరాలు ఆయనకి ముప్పై ఏళ్ళ నేస్తాలు, లెక్కల్లో వాడినవే, ఊళ్ళ పేర్లలో చూడటమే కొత్త. "న్యూ, ఆల్ఫా, గ్జై, ఒమిక్రాన్, సిగ్మా! నాక్సోస్!" అని ఒకటో తరగతి పిల్లాడిలా చదివి, "మ్యూ అంటే నాకు ఫ్రిక్షన్, ఛాయా. వీళ్ళకి మామూలు మ" అని ఆశ్చర్యపోయారు. ఆ తర్వాత బోర్డులు లేని చోట్ల కూడా మాటలు ఆగలేదు. పాలరాతి కొండల్లో రోడ్డు మెలికలు తిరుగుతుంటే, నేను రెండో గేరులో పళ్ళు బిగించి ఎక్కిస్తుంటే, కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు: రెండువేల తొమ్మిదిలో ఉద్యోగం పోయిన రోజు అట్టపెట్టె పక్కన పెట్టుకుని పార్కింగ్ లాట్‌లో రెండు గంటలు కూర్చున్నారట. ఇంటికి పోబుద్ధి కాక షాపుకొచ్చారట. నేను కౌంటర్ దగ్గర నుంచి తల కూడా ఎత్తకుండా "వచ్చారా, ఆ సోనా మసూరి బస్తాలు దించండి" అన్నానట. "ఆ మాట ఎంత హాయిగా ఉందో తెలుసా" అన్నారు. నాకు ఆ రోజు గుర్తుంది. బస్తాలు గుర్తున్నాయి, ఆలస్యంగా వచ్చారని విసుక్కోవడం గుర్తుంది. పెట్టె గుర్తు లేదు. నాలుగేళ్ళుగా నా షాపులో జీతం లేని ఉద్యోగం చేస్తున్న మనిషి, పెట్టె మాట చెప్పడానికి గ్రీసు దాకా వచ్చి పక్క సీట్లో కూర్చోవలసి వచ్చింది. మెలిక దగ్గర ఎదురుగా బస్సొచ్చింది, పక్కకి తీసి దారిచ్చాను. బస్సు వెళ్ళింది. మూడో గేరులోకి మార్చాను, అంతే.

ఇలాంటి మనిషికి షాపు అమ్మనంటే ఎలా? అమ్ముతానంటే ఎలా? కొనేవాళ్ళు లేరని కాదు, పోయినేడు ఒకసారి, ఈ ఏడు రెండుసార్లు అడిగారు. పద్దెనిమిదేళ్ళ షాపు అది. బేరం బాగా కుదురుతుంది. కుదిరాక సోమవారం పొద్దున లేచి నేనేం చెయ్యాలి? రెండువేల మూడు ఆగస్టులో కరెంటు పోయి ఊరంతా చీకటైన రోజు, ఫ్రీజర్ కరిగిపోతుంటే కుల్ఫీలు, ఐస్‌క్రీములన్నీ రోడ్డు మీద పెట్టి వచ్చినవాళ్ళకి వచ్చినట్టు పంచిపెట్టాను. ఆ రోజు తిన్న పిల్లలు ఇప్పుడు పెళ్ళాలతో వచ్చి కందిపప్పు కొంటారు. "ఆంటీ, యూ గేవ్ మీ కుల్ఫీ" అంటారు. ఆ కుల్ఫీ ఎవడికమ్మను? నేను లేకపోతే షాపు మూడు రోజులు నడవదని ధీమా ఉండేది, ఆ ధీమా మీదే ఏనాడూ మూడు రోజులు వదిలిపెట్టలేదు, ఇదే మొదటిసారి. ఇక్కడే పెద్ద దెబ్బ తగిలింది. పదకొండేళ్ళుగా నా పక్కన నిలబడ్డ రేణుకి అప్పగించి వెళ్ళాను, నిజామాబాద్ మనిషి, నలభై ఆరేళ్ళు, నోరూ చెయ్యీ రెండూ గట్టివే. ఆదివారం నుంచి రోజూ ఫోన్ చేశాను. ఆదివారం, సోమవారం ప్రశ్నలన్నీ నావి. మంగళవారం రేణు మధ్యలోనే కోసేసింది.

"అక్కా, నువ్ పరేషాన్ కాకు. కొత్తిమీర మంచిగొచ్చింది. భానుమతి ఆంటీ ఇడ్లీ రవ్వ లేదంటే తిట్టింది, మళ్ళ నవ్వింది. నువ్ ఫోన్ పెట్టెయ్, లైన్ల పదిమంది ఉన్నరు."

బుధవారం కొండ మీద ప్రశ్న వేశారు కదా, ఆ గొడవలో ముక్తసరిగా మాట్లాడాను. గురువారం ఫోన్ చెయ్యడం మర్చిపోయాను. మర్చిపోయాను! సముద్రంలో మోకాళ్ళ లోతున చుడీదార్ ఎత్తి పట్టుకుని నిలబడి, ఆయన టోపీ కొట్టుకుపోతుంటే నవ్వుతూ, షాపన్నదొకటుందని ఒక రోజంతా తలవలేదు. శుక్రవారం ఫోన్ చేస్తే రేణు చాలా సంతోషంగా ఉంది. "చింతపండు వెనక అరల నుంచి ముందటికి జరిపిన అక్కా. ఎంత పోతుందో తెల్సా!" పద్దెనిమిదేళ్ళుగా చింతపండు వెనక అరలోనే ఉంది. అక్కడిదాకా నడిస్తే దారిలో నాలుగు వస్తువులు కంటపడి కొంటారని నా సిద్ధాంతం. నాలుగు రోజుల్లో ఆ సిద్ధాంతాన్ని రేణు అట్టపెట్టెలా మడిచి పక్కన పెట్టేసింది. ఆ సాయంత్రం అన్నం, అదే, వాళ్ళ బంగాళాదుంపల కూర సహించలేదు. మా ఆయన ఏమైందన్నారు, చింతపండు అన్నాను. పులుపు తగ్గిందా అన్నారు.

లైను ఒకటైంది. ముందు పడవ లాక్కెళ్తున్న ట్రక్కు, వెనక మేము, నత్తలా పాకుతున్నాం. నా చేతి సంచిలో గుడ్డలో చుట్టిన ఒరెగానో, అదే ఆ వాము వాసన ఆకు, కట్ట ఉంది, ఎండింది కాబట్టి ఎయిర్‌పోర్టులో చూపిస్తే పర్లేదు తీసుకెళ్ళమన్నారు. అది అమ్మిన ఆమె చేతులు ఇంకా నా చేతుల్లో ఉన్నట్టున్నాయి. మంగళవారం, కొండల మధ్య హల్కీ అనే ఊరు. రోడ్డు పక్కన గోనె పరుచుకుని కూర్చుంది, డెబ్బై ఐదు ఉంటాయి, నల్ల గౌను, ముందు బంగాళాదుంపలు, ఎండు ఒరెగానో కట్టలు, వాటి పక్కన, చూసి బండి ఆపేశాను, తోటకూర! ఎర్ర కాడలతో సహా అచ్చం మన తోటకూర. మా హోటలావిడకిచ్చి వేయించుకుని తినొచ్చు. నాకు గ్రీకు రాదు, ఆమెకి ఇంగ్లీషు రాదు. తోటకూరా, ఒక ఒరెగానో కట్టా కలిపి ఎంతని సైగ చేస్తే అయిదు వేళ్ళు చూపింది, అయిదు యూరోలన్నమాట. నలుగురిలో వేళ్ళాడిస్తే బేరమేం బాగుంటుంది? చున్నీ తీసి ఆమె చేతి మీద కప్పి, కింద మూడు వేళ్ళు నొక్కాను. ఆమె ఉలిక్కిపడింది, తర్వాత చున్నీ వైపు చూసింది, నా వైపు చూసింది, అర్థమైపోయింది. బేరం తెలిసిన మనిషిని బేరం తెలిసిన మనిషి పట్టేస్తుంది. పళ్ళు లేని నోటితో నవ్వి, కింద నా వేళ్ళు వెతికి, రెండు నొక్కింది. నేను మూడిస్తానంటే ఆమె రెండంది! తప్పు నొక్కిందేమో అని మళ్ళీ మూడు నొక్కాను. మళ్ళీ రెండే. మూడు నాణేలు చేతిలో పెడితే ఒకటి నా అరచేతిలోకి తోసి, నా వేళ్ళు ఒక్కొక్కటే మడిచి, పిడికిలి మీద చిన్నగా తట్టింది. ఇదేం వ్యాపారం? వయసైపోయి లెక్క తప్పిందేమో, ఈమె బేరం రాని మనిషేమో అని కారులో దారి పొడుగునా అంటే, మా ఆయన తోటకూర కట్ట ఒళ్ళో పెట్టుకుని, "లెక్క తప్పలేదు ఛాయా, నువ్వు చెయ్యి పట్టుకున్నావుగా" అన్నారు. పట్టుకుంటే? తువ్వాలు కింద ఎవరైనా పట్టుకుంటారు. నాకు అర్థం కాలేదు. వ్యాపారంలో అర్థం కాని బేరం నాకు నిద్రపట్టనివ్వదు.

75 మీదికొచ్చాం, ఇక పదిహేను నిమిషాలు. బుధవారం ఆ రాతి మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అపోలోనాస్ అనే ఊరి పైన పాత రాతి గనిలో పడుకుని ఉన్నాడు, రెండు మినీవాన్లంత పొడుగు, రెండువేల అయిదొందల ఏళ్ళ కిందట కొండలోంచి సగం చెక్కి, రాయిలో బీట కనిపించిందో ఏమో, అలాగే వదిలేసి వెళ్ళారట. గడ్డం తెలుస్తుంది, పాదాలు తెలుస్తాయి, ముఖం లేదు. నా లెక్కలో వాళ్ళు తెలివైనవాళ్ళు, సరుకు పాడని తెలిశాక ఇంకో ఉలి దెబ్బ కూడా వృథా చెయ్యలేదు. ఆయన లెక్క వేరు. పాదాల దగ్గర కూర్చుని, "వీణ్ణి లేపితే ఏం చేసేవాడో" అన్నారు. మా ప్రాజెక్టులు కూడా ఇలా ఎన్ని ఆపేశారో అన్నారు. అప్పుడు అడిగారు ఆ మాట. ఆయన తన గురించి అంటున్నారనుకున్నాను అప్పుడు. ఇప్పుడు ఈ హైవే మీద, ఘాటు తగ్గిన ముక్కుతో ఆలోచిస్తే ఇద్దరి గురించేమో అనిపిస్తోంది. యాభై ఏడేళ్ళ దాన్ని నేను, రేవులో ఆయన్ని దిగమని, కారుని కొండలెక్కించి, ఎదురు బస్సుకి దారిచ్చి, వారంలో మూడువందల మైళ్ళు గేర్లు మార్చి నడిపాను. ఆ మనిషి ఎక్కడుంది ఇన్నాళ్ళూ? కౌంటర్ వెనక సగం వరకు చెక్కి పడుకుని ఉంది.

సరే, లెక్క తేలుద్దాం. షాపు అమ్మను. అది ఖాయం, మూడో టీ తర్వాత కూడా అదే ధర. కానీ రేణుని భాగస్తురాలిని చేస్తాను, చింతపండు ఎక్కడ పెట్టుకుంటుందో ఆమె ఇష్టం. ఏడాదిలో కొన్ని నెలలు ఆయనవి, మావి, అద్దె కారువి. ఎన్ని? ఆయన మొత్తం అడిగిన మనిషి కాబట్టి కనీసం ఆరు దగ్గర మొదలుపెడతారు. నేను రెండంటాను. ఆయన అయిదంటారు, నేను రెండున్నర దగ్గర కాసేపు ఏడుస్తాను, మూడు దగ్గర తలుపు మూసేస్తాను, మరీ ముఖం చిన్నబోతే నాలుగు. నాలుగుకి మించి ఒక్క రోజు కూడా కుదరదు, పండగల సీజన్ ఉంది, ఆవకాయ సీజన్ ఉంది. నాలుగు నా ఆఖరి మాట. అది ఎవరికీ చెప్పని మాట.

బిగ్ బీవర్ రోడ్డు మీదికి దిగాం. ఇంకో రెండు సిగ్నళ్ళు. మొదటిది పచ్చగా ఉంది, దాటేశాం. రెండోది ఎరుపైంది. బండి దానంతట అదే అన్ని గేర్లూ దిగి మెత్తగా ఆగింది, ఎవరూ ఏమీ తొక్కలేదు. ఆయన కుడిచెయ్యి సీటు చేతి మీద ఖాళీగా ఉంది. ఆ దీవిలో నా కుడిచెయ్యి వారమంతా గేరు మీదే, పట్టుకుందామన్నా ఖాళీ లేదు. ఇక్కడ ఈ చెయ్యి ముప్పై ఏళ్ళుగా ఇలాగే ఖాళీగా ఉందన్నమాట.

"ఏమండీ, షాపు అమ్మను" అన్నాను.

గాజుసీసాలో నీళ్ళు కాస్త కిందికి దిగాయి. "సరే" అన్నారు రోడ్డు వైపు చూస్తూ. నిజంగానే సరే అన్నారు, కోపంగా కాదు. అదే భరించలేం.

"సగం రేణు చూసుకుంటుంది. ఏడాదికి ఎన్ని నెలలు కావాలో చెప్పండి" అని చున్నీ తీసి ఆయన చేతి మీద వేశాను. చున్నీకి ఇంకా ఒరెగానో వాసన. ఆయన ఒక్క క్షణం చున్నీ వైపు చూశారు. నేను ముఖం పక్కకి తిప్పుకున్నాను, పెట్రోల్ బంకు మీది ధర చూస్తున్నట్టు. బేరంలో ఎదుటివాడి ముఖం చూడకూడదు, అందులోనూ ఆ ముఖం. కింద ఆయన వేళ్ళు నా వేళ్ళని వెతికాయి. చూపుడు వేలు దొరికింది. నొక్కారు. మిగతా వేళ్ళ కోసం ఆగాను. రాలేదు. ఒక్కటే.

మొత్తం షాపు అమ్మేద్దామన్న మనిషి, ఆరు అడగాల్సిన మనిషి, ఒక్క నెల అడిగాడు. మా నాన్న వందసార్లు చెప్పాడు, నువ్వు ఇవ్వదలుచుకున్న దానికంటే ఎదుటివాడు తక్కువ అడిగితే నోరు తెరవకు, అదే వేలు నొక్కు, తువ్వాలు తీసెయ్, టీకి పో. ముప్పై ఏళ్ళలో నాకు దొరికిన అతి పెద్ద లాభం బిగ్ బీవర్ సిగ్నల్ దగ్గర చున్నీ కింద ఉంది. ఒక్క నొక్కు చాలు. హల్కీలో ఆ ముసలమ్మ పళ్ళు లేని నోటితో నవ్వింది. లెక్క తప్పలేదు ఛాయా, నువ్వు చెయ్యి పట్టుకున్నావుగా.

చూపుడు వేలు నొక్కాను. ఆగలేదు. మధ్య వేలు. ఉంగరపు వేలు. చిటికెన వేలు కూడా.

ఆయన కనుబొమలు నాలుగుసార్లు లేచాయి. నా పక్క కిటికీ అద్దంలో చూశాను, తిప్పుకున్న ముఖంతోనే. వెనక ఎవరో హారన్ కొట్టారు, సిగ్నల్ ఎప్పుడో పచ్చగా మారిందట.

"ఛాయా, తప్పు నొక్కావేమో. నేనడిగింది ఒకటి."

"నేనెప్పుడైనా తప్పు నొక్కానా? పోనివ్వండి, వెనక వాడు తిడుతున్నాడు."

"నాలుగు నెలలే?"

"నాలుగు నెలలూ నేనే గేర్లు మారుస్తాననుకోకండి. సగం మీరు నడపాలి. నా పక్క సీటు కూడా నాక్కావాలి."

బండి కదిలింది. మా వీధి మలుపు, మేపుల్ చెట్టు, గరాజ్ తలుపు మీట నొక్కితే మెల్లగా లేస్తోంది. అప్పుడు చూశాను, ముప్పై ఒక్క ఏళ్ళుగా అమెరికాలో ఏ పనీ లేకుండా పడున్న ఆయన ఎడమ కాలు, కింద ఖాళీ నేల మీద, చాలా మెల్లగా, బిడ్డ లేవకుండా, పైకి తేలింది.